రెండు చక్రాలు, ఒక తెడ్డు

సాహసం అనగానే మనలో చాలామందికి మంచుకొండలే గుర్తుకు వస్తాయి. అందుకు కారణం కూడా ఉంది. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అయితే వాళ్లు మొదట ఎక్కింది ఎవరెస్ట్ కాదు, భువనగిరి గుట్ట. అక్కడ తాడు పట్టడం, కాలు మోపడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొందారు. కాబట్టి సాహసం అంటే తెగింపు కాదు. నేర్చుకొని, సిద్ధపడి, జాగ్రత్తగా చేసే పని.

మనమందరం హిమాలయాలకు వెళ్లలేం. కానీ సైకిల్ మనకు అందుతుంది. మనలో ఎందరివో ఊళ్లు చెరువు గట్టునో, కాలువ పక్కనో, ఏటి ఒడ్డునో ఉన్నాయి. ఈ రెంటితోనే మంచి సాహసం చేయవచ్చు. అది ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

సైకిల్ ఎందుకు పడిపోదు?

నిలిపి ఉంచిన సైకిల్‌ను వదిలేస్తే పడిపోతుంది. నడుస్తున్న సైకిల్ పడదు. కారణం హ్యాండిల్‌లో ఉంది. సైకిల్ ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను కొద్దిగా ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి మళ్లీ నిలబెడతాయి. కొత్తగా నేర్చుకునేవారు భయంతో ఎదురువైపు తిప్పుతారు, అందుకే పడతారు. తిరిగే చక్రాల బలమే సైకిల్‌ను నిలబెడుతుందని చాలాకాలం అనుకున్నారు. 2011లో శాస్త్రవేత్తలు ఆ బలం లేకుండా ఒక ప్రయోగాత్మక సైకిల్ తయారు చేసి వదిలితే, అది కూడా మనిషి లేకుండానే పడకుండా నడిచింది. పడబోయే వైపుకు తనంతట తాను తిరగడమే అందులోనూ కీలకం.

కాంచి తొక్కుడుతో, అంటే పెద్ద సైకిల్ కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్నవారికి ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల మీది గీతలే నేర్పాయి. పడ్డవాడు చెడ్డవాడు కాదని పెద్దలు ఊరికే అనలేదు!

ఇంకో చిన్న లెక్క చేద్దాం. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం దాదాపు 2.4 సార్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే ఒక్క తొక్కుడుకు ఐదు మీటర్లకు పైగా పోతాం. మీ సైకిల్ పళ్లు లెక్కపెట్టి మీరూ చేసి చూడండి. గణితం సారు సంతోషిస్తారు.

బ్రేకు విషయంలో జాగ్రత్త అవసరం. ఆపేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే బోర్లా పడతాం. రెండూ కలిపి మెల్లగా పట్టాలి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు వెంటనే అందదు, కాబట్టి ముందుగానే వేగం తగ్గించాలి.

ఆదివారం ఇరవై కిలోమీటర్లు

గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొక్కినా రానూపోనూ ఇరవై కిలోమీటర్లకు గంటా నలభై నిమిషాలు చాలు. తెల్లవారాక బయలుదేరితే ఎండ ముదరకముందే హాస్టల్‌కు తిరిగి రావచ్చు. దగ్గరలోని గుట్ట, పాత గుడి, ఆనకట్ట ఏదైనా గమ్యం కావచ్చు.

వార్డెన్ సారు అనుమతి తీసుకొని, ఎవరెవరు, ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో రాసిపెట్టి వెళ్లాలి. రోడ్డుకు ఎడమవైపున ఒకరి వెనక ఒకరు పోవాలి. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారిని ముందు ఉంచాలి. అప్పుడు ఎవరూ వెనకబడరు. మరమ్మతు తెలిసినవారు చివర రావాలి. గాలి పంపు, పంక్చరు సామాను, స్పానరు, తాగే నీళ్లు వెంట ఉండాలి. బయలుదేరే ముందు గాలి, బ్రేకు, గొలుసు చూసుకోవాలి.

దోనె, పుట్టి

ఇక నీటి సంగతి. విదేశాల్లో కెనో అనే సన్నని పడవ మనకు కొత్తది కాదు. కొల్లేరు పల్లెల్లో తాటి మొద్దును తొలిచి చేసే దోనె అలాంటిదే. తుంగభద్ర, కృష్ణ ఒడ్డున వెదురుతో అల్లే గుండ్రని పుట్టి దాని చుట్టమే. దోనె సన్నగా, పొడవుగా ఉంటుంది కనుక నేరుగా సాగుతుంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది కనుక ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. అందుకే పుట్టి నడిపేవారు తెడ్డుతో ఎదుటి నీటిని తమవైపు లాక్కుంటూ పోతారు.

దోనెలో కుడివైపు తెడ్డు వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. నేరుగా పోవాలంటే ఇద్దరు చెరోవైపు వేయాలి. ఒక్కరే ఉంటే ప్రతి వేటు చివర తెడ్డును కొంచెం బయటికి నెట్టి సరిచేయాలి. దోనెలో నిలబడకూడదు. బరువు ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది.

ఈ తెడ్డు పని ఒలింపిక్ క్రీడ కూడా. 1936 నుంచి పతకాలు ఇస్తున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జంట 1000 మీటర్ల కెనో పోటీలో మన దేశానికి కాంస్యం తెచ్చింది. సునీల్ మణిపూర్‌లోని జాలరి కుటుంబం బిడ్డ. దోనె తోలే చేతులు ఎంత దూరం పోగలవో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీటితో చెలగాటం వద్దు

సైకిల్ మీద పడితే మోకాలు గీసుకుంటుంది. నీళ్లలో పడితే రెండో అవకాశం ఉండకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో పిల్లలు, యువకులు చాలా ఎక్కువ. సెలవులకు ఇళ్లకు వెళ్లి ఊరి చెరువులో, కాలువలో దిగే మనందరికీ వర్తించే మాట ఇది.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. కాబట్టి ప్రాజెక్టుల దిగువన నది ఎంత ప్రశాంతంగా కనిపించినా దిగవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. బయటపడినవారిలో చాలామంది లైఫ్ జాకెట్ వేసుకున్నవారే. జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

ముందు ఈత నేర్చుకోవాలి, అదీ పెద్దవాళ్ల సమక్షంలో. ఈత వచ్చినా జాకెట్ వేసుకోవాలి. వరద రోజుల్లో పడవ ఎక్కకూడదు. కొయ్య దోనె బోల్తాపడితే దాన్ని వదిలి ఒడ్డుకు ఈదవద్దు. అది తేలుతుంది, దాన్నే పట్టుకొని కేక వేయాలి.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. మునిగేవారు భయంతో మన మెడ పట్టుకుంటారు, ఇద్దరూ పోతారు. కర్ర అందించాలి, తాడో చున్నీయో విసరాలి, మూత బిగించిన ఖాళీ క్యాను వేయాలి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, గిరగిరా తిప్పడం చేయకూడదు. శ్వాస లేకపోతే ఆ క్షణాలే ప్రాణం. వెంటనే నోటి ద్వారా ఊపిరి అందించి, ఛాతీ మధ్యలో నొక్కుతూ ఉండాలి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతిని ఆరోగ్య కార్యకర్తను పిలిపించి హాస్టల్‌లో అందరం నేర్చుకుంటే మంచిది.

చివరగా ఈ హాస్టల్‌లో చదివి పెద్దవాళ్లయిన అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అనే సామెత మీకు తెలిసిందే. మీరు దాటిన ఏరు మేమింకా దాటుతున్నాం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక గాలి పంపు, నాలుగు లైఫ్ జాకెట్లు, ఈత నేర్పే ఒక ఆదివారం ఇచ్చి వెళ్లండి. ఆ జాకెట్లు మా తర్వాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు భద్రంగా అప్పగిస్తాం.