పశువుల ఆసుపత్రిలో పొగలు కక్కే క్యాను

విజయవాడ: కృష్ణా డెల్టా పల్లెల్లో గేదె ఎదకొస్తే రైతు పశువుల ఆసుపత్రికి తోలుకెళ్తాడు. అక్కడి అల్యూమినియం క్యాను మూత తీయగానే తెల్లటి పొగ లేస్తుంది. లోపల ముర్రా దున్నల వీర్యపు స్ట్రాలు ద్రవ నత్రజనిలో మునిగి ఉంటాయి. దాని చలి సున్నాకు 196 డిగ్రీల దిగువ. ఒంటిమీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది.

ఈ పొగకన్నా కంటికి కనబడని వాయువే మోసకారి. లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువై, మూసిన గదిలో ప్రాణవాయువును నెట్టేస్తుంది. వాసన ఉండదు, దగ్గు రాదు; మనిషి ఉన్నచోటనే కూలిపోతాడు. కిటికీలు తెరిచే ఉంచాలి. అద్దాలు బిగించిన కారులో క్యాను తేరాదు. ఆవిరైపోతోందని మూత బిగగొడితే పేలే ప్రమాదముంది.

అలాగని ద్రవం అడుగంటనివ్వరాదు. స్ట్రాలు చెడితే చూలు నిలవదు. గేదె మళ్లీ ఎదకొచ్చేందుకు రైతు సుమారు 21 రోజులు ఆగాలి. ఎండు చెక్క పుల్ల ముంచి తీస్తే మంచు పట్టినంత మేర ద్రవం ఉన్నట్లు.