పాముపొడకి ఆర్‌ఎన్‌ఏ మందు వస్తుందా? తెగులు జన్యువు నోరు నొక్కడం అంటే ఏంటి?

వరిలో పాముపొడ తెగులు మీద వీడియో పెట్టినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "తమ్ముడూ, తెగులు జన్యువునే ఆపేసే ఆర్‌ఎన్‌ఏ మందు వస్తోందంట. మన ప్రకృతి వ్యవసాయంలో వాడొచ్చా?" వీడియోలో ఇదంతా చెప్పడానికి టైము చాలదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సీసా కొనే ముందే తెలుసుకోవాల్సిన విషయం ఇది.

జిరాక్సు కాపీ లెక్క

జన్యువు అంటే బీరువాలో ఉన్న అసలు దస్తావేజు అనుకోండి. కణం దాన్ని బయటికి తియ్యదు. జిరాక్సు తీసి పనికి పంపిస్తుంది. ఆ జిరాక్సు పేరే ఆర్‌ఎన్‌ఏ. జీన్ సైలెన్సింగ్‌లో దస్తావేజు జోలికి ఎవరూ వెళ్ళరు. జిరాక్సుని చింపేస్తారు, అంతే. కాగితం లేకపోతే పని ఆగిపోతుంది.

చింపేది ఎవరు? మామూలుగా ఆర్‌ఎన్‌ఏ ఒంటిపోగుగా ఉంటుంది. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపించిందంటే కణానికి అనుమానం వస్తుంది, ఎందుకంటే చాలా వైరస్‌లు పెరిగేటప్పుడు అదే తయారవుతుంది. డైసర్ అనే ఎంజైము దాన్ని 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీను ఒక ముక్కని పట్టుకుని, దానికి జోడీ కుదిరే జిరాక్సు ఎక్కడున్నా వెతికి నరికేస్తుంది.

మొదట కనిపించింది పొగాకులో

రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, పొగాకు మనకి కొత్త పంట కాదు. ఈ కథ మొదలైంది కూడా పొగాకుతోనే. 1928లో అమెరికాలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త వైరస్ సోకిన పొగాకు మొక్కల్ని గమనించారు. కింది ఆకుల నిండా ఉంగరాల్లాంటి మచ్చలు, తర్వాత వచ్చిన పై ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ ఆకులకి మళ్ళీ అదే వైరస్ అంటించినా తెగులు రాలేదు. మొక్క వైరస్ జిరాక్సుల్ని చింపేస్తోందని తేలడానికి ఇంకో 70 ఏళ్ళు పట్టింది.

1990లో పెటూనియా పూలకి ఇంకా ముదురు రంగు తేవాలని రంగు జన్యువుని అదనంగా పెడితే, కొన్ని పూలు తెల్లగా వచ్చాయి. ఎక్కువ కాపీలు చూసి మొక్క అన్నిటినీ కలిపి చింపేసింది. 1998లో ఫైర్, మెల్లో అనే ఇద్దరు చిన్న నులిపురుగులో దీని గుట్టు విప్పారు. 2006లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

తెగులు చేతిలోనూ అదే కత్తి

మనం తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడుంది. 2013లో కాలిఫోర్నియా పరిశోధకులు బూడిద బూజు శిలీంధ్రం చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని టమాటా కణాల్లోకి పంపుతోందని చూపించారు. అవి మొక్క రక్షణ జన్యువుల నోరు నొక్కేస్తాయి. అంటే దొంగ ముందు కుక్క నోరు కట్టేసి, తర్వాత ఇంట్లో దూరుతున్నాడన్నమాట.

మొక్క కూడా ఊరుకోదు. పత్తి మొక్క తన ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని ఎండుతెగులు శిలీంధ్రంలోకి పంపి దాని బలం తగ్గిస్తుందని 2016లో తేలింది. ఈ ముక్కలు సన్నని కొవ్వు పొర సంచుల్లో ప్రయాణం చేస్తాయని 2018లో చూశారు.

మరి స్ప్రే సంగతి?

తెగులు జన్యువుకి జోడీ అయ్యే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని బయట తయారుచేసి ఆకు మీద కొడితే, శిలీంధ్రం దాన్ని పీల్చుకుని తన జిరాక్సులు తనే చింపుకుంటుంది. ఆలోచన ఇదీ. 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మన పాముపొడ తెచ్చే రైజోక్టోనియా సొలాని దీన్ని బాగా పీలుస్తుంది. మామిడి మచ్చతెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ అసలు పీల్చలేదు. కోనసీమ కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరాకి చుట్టమైన బంగాళాదుంప తెగులు జీవి తక్కువే పీల్చింది. మనం వాడే ట్రైకోడెర్మాలో ఒక రకాన్ని పరీక్షిస్తే అదీ తక్కువే తీసుకుంది. కాబట్టి అన్ని తెగుళ్ళకీ ఒకటే ఆర్‌ఎన్‌ఏ మందు అనేవాళ్ళ మాట నమ్మకండి.

ఇంకో ఇబ్బంది, ఆర్‌ఎన్‌ఏ ఆకు మీద ఎక్కువ రోజులు నిలవదు. ఆస్ట్రేలియాలో 2017లో దాన్ని సన్నని మట్టి రేణువులకి పట్టించి కొడితే పొగాకు ఆకుల్ని వైరస్ నుంచి 20 రోజులు కాపాడింది. కానీ పాముపొడ మొదలయ్యేది నీటి మట్టం దగ్గర, దుబ్బు మొదట్లో. పైనుంచి కొట్టిన మందు అక్కడికి చేరాలి కదా. అమెరికాలో 2023 చివర్లో అనుమతి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ స్ప్రే కూడా బంగాళాదుంప పెంకుపురుగుకే, శిలీంధ్రానికి కాదు.

నా సమాధానం

స్ప్రే మొక్క జన్యువుని మార్చదు, కాబట్టి ఇది జీఎం పంట కాదు. హవాయిలో 1998 నుంచి పండిస్తున్న రెయిన్‌బో బొప్పాయి వేరు, అందులో వైరస్ జన్యువు ముక్కని మొక్కలోనే పెట్టారు. అయినా స్ప్రే మన పెరట్లో తయారయ్యేది కాదు, ఫ్యాక్టరీ నుంచి కొనాలి. అందుకే నేను దీన్ని ప్రకృతి వ్యవసాయం కింద లెక్కవెయ్యను. సైన్సుగా మాత్రం ఇష్టంగా చదువుతాను.

ఎవరైనా ఆర్‌ఎన్‌ఏ పేరుతో సీసా అమ్మితే మూడు ప్రశ్నలు వెయ్యండి: ఏ తెగులుకి? అందులో ఏ జన్యువుకి? సీఐబీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? జవాబు లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఈలోపు సార్వాలో మన చేతిలో ఉన్నవి ఇవి:

1. ఈ శిలీంధ్రం గోధుమరంగు గింజల్లా నేలలో ఉండి, దమ్ము చేసినప్పుడు నీటి మీద తేలుతుంది. గాలివాటుకి మడి మూలకి చేరిన నురగనీ చెత్తనీ ఎత్తి పొలం బయట పడెయ్యండి.
2. ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట తియ్యండి. దుబ్బుల్లోకి గాలి ఆడాలి.
3. గట్ల మీద గడ్డి ఉంచకండి, తెగులు అక్కడ కూడా బతుకుతుంది.
4. నత్రజని ఎక్కువైతే పాముపొడకి పండగే. పచ్చిరొట్ట బాగా దున్నిన మడిలో పైనుంచి ఇంకా వెయ్యాలా అని ఒకసారి ఆలోచించండి.
5. చివికిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వెయ్యండి. ఇది పాముపొడ దారాల్ని చుట్టుకుని తినేస్తుంది.

నురగ ఎలా తియ్యాలో, బాటలు ఎలా వదలాలో కింద వీడియోలో మా మడిలోనే చూపించాను. ఊడ్పులకి ముందే ఒకసారి చూడండి.