రాగితీగలో లూమినరీ

అపోలో కంప్యూటర్‌లోకి ప్రోగ్రాం ఎక్కించేవారు కాదు, అల్లేవారు. మసాచుసెట్స్‌లోని వాల్తంలో, రేథియాన్ ఫ్యాక్టరీలో, మహిళా కార్మికులు చిన్న చిన్న అయస్కాంత ఉంగరాల మధ్య సూదితో రాగితీగ నడిపేవారు. తీగ ఉంగరంలోంచి దూరితే 1, పక్కనుంచి పోతే 0. ఒక్కో మాడ్యూల్‌లో 512 ఉంగరాలు. ఆరు మాడ్యూళ్లు కలిపితే 36,864 పదాల మెమరీ. అల్లిక వారాల తరబడి సాగేది. అది పూర్తయ్యాక ఒక్క బిట్ మార్చాలన్నా మాడ్యూల్‌ను మళ్లీ అల్లాల్సిందే.

అందుకే ఏ వెర్షన్ అల్లికకు వెళ్లిందో, ప్రోగ్రాం రాసిన ఎంఐటీ ఇంజనీర్లు కళ్లలో వత్తులు వేసుకుని చూసుకునేవారు. ఒక్కో విడుదలకు ఒకరిది పూచీ. ఆ మనిషిని రోప్ మదర్ అనేవారు. చంద్రుడి మీద దిగే వాహనం ప్రోగ్రాం పేరు లూమినరీ. అపోలో 11తో వెళ్లింది 99వ రివిజన్, 12తో 116, 13తో 131, 14తో 178, చివరి మూడు యాత్రలతో 210.

సరే, పెట్టెలో ఉన్నది కాగితం మీదున్నదేనని నమ్మేదెలా? దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ అబ్బురమే. మెమరీని 36 బ్యాంకులుగా విడదీసి, ఒక్కో బ్యాంకు చివర ఒక సర్దుబాటు పదం పెట్టారు. బ్యాంకులోని పదాలన్నీ కూడితే, ప్లస్ గానీ మైనస్ గానీ, ఆ బ్యాంకు నంబరే రావాలి. కీబోర్డు మీద వెర్బ్, 9, 1, ఎంటర్ నొక్కితే మొత్తం, బ్యాంకు నంబరు, సర్దుబాటు పదం మూడు వరుసల్లో వెలిగేవి. ఒక తీగ దారి తప్పినా, మాడ్యూళ్లు తారుమారైనా లెక్క తేలదు.

ఈ జాగ్రత్త విలువ 1971 ఫిబ్రవరి 5న తెలిసింది. అపోలో 14 దిగబోయే ముందు అబార్ట్ బటన్ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సంకేతం పంపసాగింది. అలాగే దిగడం మొదలుపెడితే కంప్యూటర్ దాన్ని నిజమనుకుని మధ్యలోనే పైకి లేపేస్తుంది. అల్లినదాన్ని మార్చే వీల్లేదు. కేంబ్రిడ్జిలో ఎంఐటీ ప్రోగ్రామర్ డాన్ ఐల్స్ లూమినరీ 178 కోడ్ చదివి, మార్చడానికి వీలున్న మెమరీలో ఒక చోటు పట్టుకున్నాడు. నడుస్తున్న ప్రోగ్రాం నంబరు అక్కడ ఉంటుంది. దాన్ని 71 చేస్తే, అబార్ట్ అప్పటికే నడుస్తోందనుకుని కంప్యూటర్ ఆ బటన్‌ను పట్టించుకోదు. పైనున్నది 178 అని కచ్చితంగా తెలియబట్టే ఆ చిరునామా మీద అంత ధీమా. హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రం చదివి వినిపించిన అంకెల్ని వాహనంలోని వ్యోమగామి ఎడ్గార్ మిచెల్ ఒక్కొక్కటిగా నొక్కాడు. వాహనం చంద్రుడి మీద ఫ్రా మౌరో కొండల మధ్య దిగింది.