మీకు తెలుసా? ‘4కే యాంటెన్నా’ అనేదే లేదు

అమెరికాలో కేబుల్ బిల్లు కట్టకుండానే ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్, పిల్లలు వదలని పీబీఎస్ గాలిలోంచి ఉచితంగా వస్తాయి. కావలసింది ఒక యాంటెన్నా. అది కొనబోతే డబ్బాల మీద రాతలు ఊరిస్తాయి: ‘హెచ్‌డీ యాంటెన్నా’, ‘4కే యాంటెన్నా’, ‘200 మైళ్ల రేంజ్’. యాంటెన్నాకు హెచ్‌డీ తెలియదు, 4కే తెలియదు, అసలు డిజిటల్ అంటేనే తెలియదు. అది ఒట్టి లోహం. రేడియో తరంగం తాకితే అందులో సన్నని కరెంటు పుడుతుంది, అంతే. ఆ కరెంటులోంచి బొమ్మను విడదీసే పని టీవీలోని ట్యూనర్‌ది. 1980ల్లో మన డాబాల మీద దూరదర్శన్ కోసం నిలబెట్టిన అల్యూమినియం కడ్డీలు కూడా, కొలత కుదిరితే, ఇవాళ్టి హెచ్‌డీ ప్రసారాన్ని పట్టేస్తాయి.

ఇక 200 మైళ్లు. భూమి గుండ్రంగా ఉన్నంత కాలం ఆ మాట నమ్మనక్కర్లేదు. టవర్ ఎత్తు 1,500 అడుగులు, మీ యాంటెన్నా ఎత్తు 30 అడుగులు అనుకుందాం. మధ్యలో కొండా గుట్టా ఏమీ లేకపోయినా దాదాపు 60 మైళ్లకు టవర్ దిగంతం కిందికి దిగిపోతుంది. గాలిలో తరంగాలు కాస్త వంగుతాయి కదా అంటారేమో, ఆ వంపు కూడా ఈ లెక్కలో ఉంది. అంతకు మించి వచ్చేది వాతావరణం దయ. సముద్రం మీది చల్లగాలిపై వెచ్చని గాలి పొర పరుచుకుంటే తరంగాలు ఆ పొర కిందుగా చాలా దూరం పోతాయి. ఒకప్పుడు తమిళనాడు తీరంలోని ఇళ్లలో శ్రీలంక రూపవాహిని కనిపించిందంటే అందులో ఈ పొర చలవ కొంత ఉంది. డబ్బా మీద అచ్చువేసి అమ్మగలిగింది మాత్రం కాదు.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు బాగా పరిచయమైన చిక్కు ఒకటుంది. కిటికీకి అంటించే పల్చటి అట్టలాంటి యాంటెన్నా తెస్తారు, చానెళ్లు బోలెడు వస్తాయి, ఏబీసీ వాళ్ల 8 మాత్రం రాదు. యాంటెన్నా పాడైందని తిరిగి ఇచ్చేసి మరొకటి తెస్తారు. అదీ అంతే. కారణం కొలతలో ఉంది. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ వదిలి డిజిటల్‌కు మారాయి. ఎక్కువ స్టేషన్లు 470–608 మెగాహెర్ట్‌జ్ మధ్య ఉండే యూహెచ్‌ఎఫ్‌లో ఉన్నాయి. అక్కడ తరంగంలో సగం పొడవు 25 నుంచి 32 సెంటీమీటర్లు, అంటే ఆ అట్టలో హాయిగా ఇమిడేది. డాలస్‌లో డబ్ల్యూఎఫ్‌ఏఏ మాత్రం నిజంగానే 8వ చానెల్‌లో, అంటే వీహెచ్‌ఎఫ్‌లో, 180–186 మెగాహెర్ట్‌జ్‌లో వస్తోంది. దాని సగం తరంగం 82 సెంటీమీటర్లు. ఆ చిన్న అట్టకు అది ఎలా అందుతుంది? దీనికి పొడవాటి కడ్డీలున్న యాంటెన్నా కావాలి. ఇంట్లో పెట్టే పాత ‘కుందేలు చెవుల’ రకం కూడా చాలాసార్లు పని చేస్తుంది. చెవులు రెండూ పూర్తిగా లాగకుండా, చివర నుంచి చివరకు దాదాపు 80 సెంటీమీటర్లు ఉండేలా అడ్డంగా పరిస్తే చాలు.

‘నిజంగానే 8వ చానెల్’ అన్నానే, ఆ మాట ఎందుకంటే తెర మీద కనిపించే అంకెకూ స్టేషన్ వాడే అసలు చానెల్‌కూ సంబంధం ఉండాలనేమీ లేదు. జనానికి అలవాటైన పాత నంబరే తెర మీద ఉంచి, ప్రసారం వేరే చోటికి మార్చుకున్న స్టేషన్లు ఎన్నో. 2020 వేసవికల్లా 37 పైనున్న చానెళ్ల జాగా సెల్‌ఫోన్ కంపెనీల పరమయ్యింది కాబట్టి చాలా స్టేషన్లు మరోసారి సర్దుకున్నాయి. అసలు చానెల్ ఏదో, టవర్ ఏ దిక్కునుందో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మ్యాపులో మీ చిరునామా కొడితే వచ్చేస్తుంది. కొనే ముందు చూడాల్సింది అది.

డాలస్‌లో దిక్కు కనుక్కోవడం తేలిక. ప్రధాన స్టేషన్ల టవర్లన్నీ ఊరికి నైరుతిన సీడర్ హిల్‌లో ఒకేచోట ఉన్నాయి. ఫ్రిస్కోలో ఉన్నవాళ్లకు అది 40 మైళ్ల దూరంలో, దక్షిణానికి కాస్త పడమరగా. అర్వింగ్‌వాళ్లకు 16 మైళ్లే, నేరుగా దక్షిణం. ఉత్తరపు కిటికీకి అంటించి సిగ్నల్ రాలేదంటే ఇల్లంతా అడ్డం పెట్టినట్టే.

దిక్కు చూసి పట్టే, డాబాల మీద కనిపించే ఆ చేపముల్లు ఆకారపు యాంటెన్నా పుట్టింది జపాన్‌లో. 1926లో సెండాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి దాన్ని ప్రకటించారు. కేబుల్ తగిలేది ఒక్క కడ్డీకే. దాని వెనక కాస్త పొడవైన కడ్డీ తరంగాన్ని ముందుకు తోస్తుంది, ముందున్న పొట్టి కడ్డీలు టవర్ వైపు నుంచి వచ్చేదాన్ని లోపలికి లాగుతాయి. పని ఎక్కువ చేసింది ఉదా. కానీ 1928లో ఇంగ్లిషులో రాసింది యాగి, పేటెంట్లూ ఆయన పేరు మీదే. యాంటెన్నాకు ఆయన పేరే నిలిచింది. సొంత దేశం మాత్రం పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ చేజిక్కించుకున్న జపాన్ సైనికులకు బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగి’ అన్న మాట పదేపదే తగిలింది. అదేమిటని ఖైదీని అడిగితే, మీ జపాన్ ప్రొఫెసర్ పేరేనని చెప్పాడట.

మన దగ్గర ఆ యాంటెన్నాకు ఇప్పుడు పెద్దగా పని లేదు. కీలక ప్రాంతాల్లోని 50 దాకా ఉంచుకుని మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చికల్లా ఆపేస్తామని ప్రసార భారతి ముందే ప్రకటించింది. ఫ్రీ డిష్ గొడుగు వచ్చాక ఆ యాంటెన్నాలను అడిగేవాళ్లూ తగ్గారు. డాబా మీద ఇంకా మిగిలి ఉంటే కాకుల కోసం ఉంచండి.

మళ్లీ అమెరికాకు వస్తే, అక్కడ ఇల్లే శత్రువు. టెక్సస్‌లో చాలా కొత్త ఇళ్ల పైకప్పు కింద ఎండవేడి ఆపడానికి అల్యూమినియం రేకు పొర వేస్తారు. వేడితో పాటు టీవీ సిగ్నల్‌నూ అది వెనక్కి పంపేస్తుంది. అటకలో ఎంత మంచి యాంటెన్నా పెట్టినా లాభం లేదు. కిటికీ అద్దాల మీది లోహపు పూతదీ అదే పని. బయట పెడదామంటే కాలనీ సంఘం ఒప్పుకోదని చాలామంది మొదటే ఊరుకుంటారు. 1996 నాటి ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం, మీ సొంత కప్పు మీదో మీరొక్కరే వాడుకునే బాల్కనీలోనో స్థానిక టీవీ యాంటెన్నా పెట్టుకుంటే సంఘం వద్దనడానికి వీల్లేదు. అపార్ట్‌మెంట్ ఉమ్మడి డాబాకు ఇది వర్తించదు. కప్పు మీద 12 అడుగులు దాటిన స్తంభానికి అనుమతి అడగవచ్చు.

బూస్టర్ కొంటే అన్నీ సర్దుకుంటాయని మరో నమ్మకం. లేని సిగ్నల్‌ను బూస్టర్ పుట్టించదు. ఉన్నదాన్ని, దానితోపాటు రొదనూ పెంచుతుంది. అది దిద్దేది దారిలో పోయేదాన్నే: 100 అడుగుల ఆర్‌జీ-6 కేబుల్ దాటేసరికి యూహెచ్‌ఎఫ్ శక్తి సుమారు మూడో వంతే మిగులుతుంది, రెండు టీవీలకు చీల్చే స్ప్లిటర్ దగ్గర ఒక్కోదానికి సగం కన్నా తక్కువ వెళుతుంది. అందుకే బూస్టర్ యాంటెన్నా పక్కన ఉండాలి, టీవీ పక్కన కాదు. అర్వింగ్ లాంటి దగ్గరి ఊళ్లలో అయితే బూస్టర్ వల్లే బొమ్మ ఆగిపోవచ్చు. ట్యూనర్‌కు మోత ఎక్కువైపోతుంది.

డిజిటల్‌తో ఒక ఇబ్బంది. పాత టీవీలో చుక్కలు, నీడలు కనిపించేవి, యాంటెన్నాను ఎటు తిప్పాలో అవే చెప్పేవి. డిజిటల్ బొమ్మ ఒక హద్దు దాకా నిక్షేపంగా ఉంటుంది, హద్దు దాటగానే గళ్లుగళ్లుగా విడిపోయి మాయమవుతుంది. కాబట్టి కంటిని నమ్మకుండా టీవీ సెట్టింగుల్లో సిగ్నల్ కొలత చూస్తూ తిప్పాలి. అడుగు పక్కకు జరిపినా తేడా వస్తుంది. యాంటెన్నా మార్చాక చానెళ్లను మళ్లీ స్కాన్ చేయించాలి.

పగలు బాగానే వచ్చి రాత్రిళ్లు మాత్రం వీహెచ్‌ఎఫ్ చానెల్ తెగిపోతుంటే, ముందు ఆ గదిలోని ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. చవకరకం బల్బులోని సర్క్యూట్ ఆ పౌనఃపున్యాల్లోనే రొద చేస్తుంది.