పైపు ఆకారానికీ పొగాకు రకానికీ ముడి: అపోహలు, వాస్తవాలు

ప్రతి రకం పొగాకుకూ దానికే తగిన పైపు ఆకారం ఒకటి ఉంటుందనీ, ఆ జోడీ కుదరకపోతే రుచి చెడి నాలుక మండుతుందనీ చెప్పే నమ్మకం పైపు తాగేవారిలో శాసనంలా చలామణి అవుతోంది. నిలువు గోడల గిన్నె గల బిలియర్డ్ బర్లీ ఆకుకనీ, పైకి పోయేకొద్దీ విచ్చుకునే డబ్లిన్ వర్జీనియాకనీ, పొట్టిగా వెడల్పుగా ఉండే పాట్ లటాకియా మిశ్రమాలకనీ ఒక పట్టిక పంచిపెడితే, మరొక పట్టిక అదే డబ్లిన్‌ను లటాకియాకు కేటాయిస్తుంది. ఈ వైరుధ్యం నమ్మేవారిని ఏమాత్రం ఇబ్బంది పెట్టదు. జరిగే నష్టం మాత్రం కంటికి కనిపించేదే. కొత్తగా పైపు పట్టినవాడు నాలుక మండగానే తప్పు ఆకారానిదని తీర్మానించుకుని మరో పైపు కొంటాడు, అదే తడి పొగాకును అందులో కూరి అంతే గట్టిగా పీలుస్తాడు, చివరికి నాలుకతో పాటు కొత్త గిన్నె గోడను కూడా మాడ్చుకుంటాడు.

పైపు బయటి రూపం వేరు, పొగాకు కాలే తొర్ర వేరు అన్న మొదటి విషయాన్నే ఈ పట్టికలు దాటవేస్తాయి. పైపులు చెక్కే బ్రయర్ అనేది మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా పొదకు వేరూ కాండమూ కలిసేచోట ఊరే గట్టి గడ్డ. దానిని బయట చెక్కిన తీరును బట్టి బిలియర్డ్, ఆపిల్, బుల్‌డాగ్ వంటి పేర్లు వస్తాయి గాని, లోపల మరతో తొలిచే తొర్ర చాలా పైపుల్లో సుమారు 19, 20 మిల్లీమీటర్ల వ్యాసంతో ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గుండ్రని ఆపిల్‌లోనూ నిలువు బిలియర్డ్‌లోనూ తొర్ర కొలతలు ఒకటే అయినప్పుడు, బయట చెక్క ఏ వంపు తిరిగిందో లోపల కాలే ఆకుకు తెలిసే మార్గం లేదు. లండన్‌కు చెందిన డన్‌హిల్ పైపులపై 1 నుంచి 6 వరకు కనిపించే వర్గ సంఖ్యలు కూడా గిన్నె పరిమాణాన్ని చెప్పేవే తప్ప, అందులో నింపవలసిన పొగాకును చెప్పేవి కావు.

గిన్నె పరిమాణం ఎందుకు మారిందో చరిత్రలో చూసినా ఆకు రకం ప్రసక్తి రాదు. పొగాకు అతి ఖరీదైన సరుకుగా ఉన్న 16వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో మట్టి పైపుల గిన్నెలు చిటికెడు పొగాకుకే నిండిపోయేవి. అమెరికా వలసల నుంచి దిగుమతులు పెరిగి ధర పడిపోయేకొద్దీ అవి పెద్దవవుతూ వచ్చాయి. ఈ మార్పు ఎంత క్రమంగా జరిగిందంటే, తవ్వకాల్లో దొరికిన గిన్నెల పరిమాణాన్నీ రూపాన్నీ చూసి పురావస్తు శాస్త్రజ్ఞులు అవి దొరికిన మట్టిపొర కాలాన్ని అంచనా వేస్తారు. గిన్నెలు పెరుగుతుండగా కాడ రంధ్రం మాత్రం సన్నబడుతూ వచ్చిందని గమనించి, దాని కొలత ఆధారంగా కాలనిర్ణయం చేసే పద్ధతిని జె.సి. హారింగ్టన్ 1954లో ప్రతిపాదించాడు.

నాలుక మంటకు కారణాలు పొగాకులోనూ తాగే తీరులోనూ ఉన్నాయి. వర్జీనియా ఆకును బ్యారన్‌లో, అంటే ఇనుప గొట్టాల గుండా వేడిని పంపి, పొగ తగలకుండా ఆకును ఆరబెట్టే గదిలో క్యూరింగ్ చేస్తారు. ఆ క్రమంలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి అందులోనే నిలిచిపోతుంది. వర్జీనియా పండించే ప్రకాశం జిల్లా రైతులకు ఇది కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. బర్లీని నీడన గాలికి వారాల తరబడి ఆరనిస్తారు గనుక అందులో చక్కెర దాదాపు మిగలదు. చక్కెర పాలు ఎక్కువైన వర్జీనియాను ఒత్తి పలుచని పలకలుగా కోస్తే అది ఫ్లేక్ అవుతుంది. డబ్బాలోంచి తీసేటప్పటికి ఈ ఫ్లేక్ తరచూ చెమ్మగా ఉంటుంది. చెమ్మగా ఉన్న పొగాకు మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరిపోకుండా చూడాలని తాగేవాడు దమ్ము మీద దమ్ము లాగుతాడు, దాంతో నిప్పు రాజుకుని ఆ చెమ్మ వేడి ఆవిరిగా నాలుక మీదికి వస్తుంది. ఈ వరుసలో గిన్నె ఆకారం ఎక్కడ ప్రవేశించిందో పట్టికలు రాసినవారే చెప్పాలి.

అయితే తొర్ర వెడల్పు విషయంలో ఈ నమ్మకానికి కొంత వదిలిపెట్టక తప్పదు. వ్యాసం 18 నుంచి 22 మిల్లీమీటర్లకు పెరిగితే నిప్పు పరుచుకునే వైశాల్యం దాదాపు సగం పెరుగుతుంది. కనుక పలు ఆకుల మిశ్రమం వెడల్పు తొర్రలో మెరుగ్గా రుచిస్తుందనీ, ఫ్లేక్ సన్నని తొర్రలో నిదానంగా కాలుతుందనీ అనుభవజ్ఞులు చెప్పే మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు, అది శాసనం కాగలిగినదీ కాదు. ఇంతకన్నా గట్టి నిజం వాసనకు సంబంధించినది. సిరియా, సైప్రస్ ప్రాంతాల పేరుతో ప్రసిద్ధమైన లటాకియా, కట్టెల పొగకు నల్లబడేదాకా ఆరబెట్టే ఆకు. దాని ఘాటు గిన్నె లోపలి మసిపొరకు పట్టి, తరువాత నింపిన వర్జీనియాలో చాలాసార్ల వరకు పలుకుతూనే ఉంటుంది. అందువల్ల లటాకియాకని ఒక పైపును విడిగా ఉంచుకోవడం సబబే, ఆ పైపు ఏ ఆకారంలోనిదైనా.

మిగతా నమ్మకాలకు ఇంత సిరా అవసరం లేదు. వంకర పైపులో చెమ్మ చేరదనడం తలకిందుల మాట. మసిపొర ఎంత మందమైతే అంత మేలనడం గిన్నెను పగలగొట్టే సలహా, ఒక మిల్లీమీటరు చాలు. షెర్లాక్ హోమ్స్ తాగినట్టు అందరూ ఊహించుకునే కాలబాష్ అనే సొరబుర్ర పైపు కోనన్ డాయిల్ కథల్లో ఎక్కడా లేదు.

పెద్ద గిన్నె పొగను చల్లబరుస్తుంది కనుక హాని తగ్గుతుందనే ఉపశాఖను మాత్రం నవ్వి వదిలేయడానికి వీల్లేదు. చల్లదనం నోటికి తోచే అనుభూతి మాత్రమే, పొగలోని క్యాన్సర్ కారకాలకు దానితో పని లేదు. పైగా గిన్నె పెద్దదైతే కాలే పొగాకు కూడా పెరుగుతుంది. పొగను ఊపిరితిత్తుల దాకా లాగకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో చేరుతుంది, పెదవికీ నోటికీ గొంతుకూ క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది. నిప్పు కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో నిరూపితమైనదే కనుక, నోటితో ఆగిన పొగ నిరపాయమనే వాదన తెలుగు పాఠకుల ముందు నిలవదు.

మానడమే మేలు, మానలేనివారు కనీసం పట్టికలు చూసి పైపులు కొనడమైనా మానవచ్చు. ఫ్లేక్‌ను వేళ్లతో విడదీసి, చెమ్మ తగలనంత వరకు కాగితంపై ఆరబెట్టి, అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నింపి, గిన్నె చేతికి చురుక్కుమంటే కింద పెట్టి, నిప్పు ఆరిపోతే ఆరిపోనిచ్చి మళ్లీ వెలిగించుకోవాలి. అప్పటికీ అనుమానం తీరనివారికి మొక్కజొన్న బెండు పైపులున్నాయి. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1869 నుంచీ తయారవుతున్న ఈ పైపులు బ్రయర్‌తో పోలిస్తే చాలా చవక. ఒకే కొలత గలవి రెండు తీసుకుని, ఒకదానిలో డబ్బాలోంచి తీసిన ఫ్లేక్‌ను అలాగే, రెండోదానిలో అదే ఫ్లేక్‌ను ఆరబెట్టి నింపి, మరునాడు పైపులను తారుమారు చేసి చూస్తే, మంట పైపును అంటిపెట్టుకుందో తడిని అంటిపెట్టుకుందో తేలిపోతుంది.