యువ హాకీ క్రీడాకారుల ఎదుగుదలను పోల్చడం ఎలా? 2016 జట్టు చెబుతున్న పాఠం

2025 డిసెంబరులో చెన్నైలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌ కాంస్య పోరులో భారత్ 4-2తో అర్జెంటీనాను ఓడించింది. ఇలాంటి విజయం దక్కిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటే: వీరిలో సీనియర్ జట్టుకు చేరేదెవరు? 2016లో ఇదే టోర్నీని గెలిచిన జట్టు ప్రయాణాన్ని పరిశీలిస్తే, ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదని అర్థమవుతుంది.

18 మందిలో ఏడుగురు

2016 డిసెంబరు 18న లక్నో ఫైనల్లో భారత్ 2-1తో బెల్జియంపై నెగ్గి, 15 ఏళ్ల తర్వాత జూనియర్ ప్రపంచకప్‌ను తిరిగి అందుకుంది. ఆ జట్టులోని 18 మందిలో ఏడుగురు టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన సీనియర్ జట్టులో ఉన్నారు. దేశానికి 41 ఏళ్ల తర్వాత లభించిన హాకీ పతకం అది. అయితే లక్నోలో కప్పు అందుకున్న సారథి హర్జీత్ సింగ్‌కు టోక్యో జట్టులో చోటు దక్కలేదు. జగజ్జేతలుగా నిలిచిన జట్టులోనూ సగం కంటే తక్కువ మందే ఒలింపిక్ పతకం దాకా చేరారు.

దారులు వేరు

చేరినవారూ ఒకే దారిలో రాలేదు. మన్‌దీప్ సింగ్ 2014లోనే సీనియర్ ప్రపంచకప్ ఆడి, ఆ తర్వాత జూనియర్ విజేతగా నిలిచాడు. లక్నో ఫైనల్లో గోల్ చేసిన సిమ్రన్‌జీత్ సింగ్ టోక్యోకు రిజర్వు ఆటగాడిగానే ఎంపికయ్యాడు. కొవిడ్ పరిస్థితుల్లో నిబంధనలు సడలించి రిజర్వు ఆటగాళ్లకూ ఆడే వీలు కల్పించడంతో అతడికి అవకాశం వచ్చింది. జర్మనీపై 5-4తో గెలిచిన కాంస్య పోరులో రెండు గోల్స్ అతడివే.

హర్మన్‌ప్రీత్ సింగ్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆడిన రియో ఒలింపిక్స్‌లో అతడు ఒక్క గోల్ కూడా చేయలేదు. టోక్యోలో ఆరు గోల్స్ చేశాడు. పారిస్‌లో పది గోల్స్‌తో టోర్నీలోనే అగ్రస్థానంలో నిలిచాడు. రియో గణాంకాలతోనే తీర్పు చెప్పి ఉంటే భారత్ తన ప్రధాన పెనాల్టీ కార్నర్ నిపుణుణ్ని కోల్పోయేది.

వివేక్ సాగర్ ప్రసాద్‌ది ఇందుకు భిన్నమైన క్రమం. 17 ఏళ్లకే సీనియర్ జట్టులో అడుగుపెట్టి, టోక్యో పతకం గెలిచిన తర్వాత 2021లో భువనేశ్వర్‌లో జూనియర్ జట్టుకు సారథ్యం వహించాడు. ఒలింపిక్ పతక విజేత నడిపించిన ఆ జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

స్థానాన్ని బట్టి కొలత

గోల్స్ సంఖ్యతో ఫార్వర్డ్‌ను కొంతవరకు అంచనా వేయవచ్చు. బంతిని గెలిచి ముందుకు అందించే మిడ్‌ఫీల్డర్‌కు ఆ కొలత సరిపోదు. గోల్‌కీపర్ ఎదుగుదలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. 2006లో సీనియర్ జట్టులోకి వచ్చిన పి.ఆర్. శ్రీజేష్ తొలి ఒలింపిక్ పతకం కోసం 2021 వరకు వేచి చూశాడు. 36 ఏళ్ల వయసులో రెండో పతకంతో ఆటకు వీడ్కోలు పలికాడు.

అవకాశాల లెక్క

ఆటగాడికి దక్కిన మ్యాచ్‌లను పక్కనపెట్టి చేసే పోలిక న్యాయమైనది కాదు. హాకీ ఇండియా లీగ్ 2017 సీజన్ తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరులోనే తిరిగి మొదలైంది. లక్నో విజేతలు రాటుదేలాల్సిన కాలంలో స్వదేశంలో వృత్తిపరమైన లీగ్ లేకుండా పోయింది. పునఃప్రారంభమైన లీగ్‌లో ప్రతి జట్టులోని 24 మందిలో కనీసం నలుగురు భారత జూనియర్లు ఉండాలన్న నిబంధన పెట్టారు. తొలి ప్రయత్నంలోనే హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ చేరి, 3-4తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. విదేశీ దిగ్గజాలతో కలిసి సాధన చేసే భాగ్యం నేటి జూనియర్లకు దక్కుతోంది. లక్నో జట్టుకు అది కొద్దికాలమే దక్కింది.

అందువల్ల ఇద్దరు యువ ఆటగాళ్లను పోల్చేటప్పుడు ముందుగా వారు ఒకే స్థానంలో ఆడుతున్నారా, ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎలాంటి ప్రత్యర్థులపై ఆడారు అన్నవి చూడాలి. వయసు, పతకాలు ఆ తర్వాతి మాట. చెన్నైలో కాంస్యం గెలిచిన కుర్రాళ్లకూ ఇదే కొలమానం వర్తిస్తుంది. వారిలో ఒకరి తొలి సీనియర్ టోర్నీ గోల్ లేకుండా ముగిసినా, రియోలో హర్మన్‌ప్రీత్‌కు ఎదురైన అనుభవాన్ని సెలెక్టర్లు, అభిమానులు మరవకూడదు.