సూపర్‌మోటో మట్టిబాట పట్టాలంటే

సూపర్‌మోటో అనే మోటారు సైకిల్ జాతి పుట్టుకకు కారణమైంది ఒక టెలివిజన్ కార్యక్రమం. తారు రోడ్డు మీద, గుండ్రటి మట్టి ట్రాక్ మీద, గుట్టలూ గుంతలూ నిండిన మోటోక్రాస్ బాట మీద విడివిడిగా పేరు తెచ్చుకున్న వారిలో అన్నింటా మేటి ఎవరో తేల్చాలని పోటీల నిర్వాహకుడు గావిన్ ట్రిప్ తలపెట్టగా, అమెరికాలోని ఏబీసీ సంస్థ తన 'వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్' కార్యక్రమం కోసం 1979లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో 'సూపర్‌బైకర్స్' పేరిట ఆ పందెం నడిపింది. ఆ మిశ్రమ దారికి తగిన బండి అప్పటికి లేదు కనుక, పోటీదారులు మోటోక్రాస్ బండ్లకే వెడల్పు టైర్లు, గట్టి బ్రేకులు బిగించుకున్నారు. కొన్నేళ్లకు అమెరికాలో ఆ పోటీ ఆగిపోయినా, ఫ్రాన్సు దానిని సూపర్‌మోటార్డ్ పేరుతో పెంచి పోషించింది. అంటే సూపర్‌మోటో వంశమూలం మట్టిలోనే ఉంది. దానిని ఎండ్యూరోగా మార్చడం వెనక్కి నడిపించడమే.

ఎండ్యూరో అంటే సహజమైన కొండదారుల్లో, వాగుల్లో, రాళ్లలో నిర్ణీత కాలానికి కట్టుబడి సాగే సుదీర్ఘ సవారీ. 1913లో ఇంగ్లాండులోని కార్లైల్‌లో మొదలైన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ దీనికి పెద్దదిక్కు. అక్కడ కావలసినది వేగం కన్నా ఓర్పు, బండికీ మనిషికీ కూడా.

ఈ మార్పు లెక్క స్పష్టంగా తెలియాలంటే సుజుకీ డీఆర్-జెడ్400 జంటను చూడాలి. 2000లో వచ్చిన 'ఎస్' మట్టికి, 2005లో వచ్చిన 'ఎస్ఎమ్' తారుకు. రెండింటికీ 398 సీసీ ఇంజను ఒకటే. ఎస్ఎమ్‌కు ముందూ వెనకా 17 అంగుళాల రిమ్ములు కాగా, ఎస్‌కు ముందు 21, వెనక 18 అంగుళాలవి. టైరు మీద అచ్చువేసిన కొలతల ప్రకారం ఎస్ఎమ్ వెనక చక్రం వ్యాసం సుమారు 628 మిల్లీమీటర్లు, ఎస్‌ది 673. అంటే పెద్ద చక్రం ఒక్కో చుట్టుకు ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, గేర్లన్నీ అంతమేర బరువెక్కి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఈడ్వడానికి కష్టపడుతుంది. దీనికి విరుగుడు వెనక పళ్లచక్రంలో ఉంది. ఎస్ఎమ్‌కు 41 పళ్లు, ఎస్‌కు 44. ఆ తేడా కూడా సరిగ్గా ఏడు శాతమే. చక్రాలు మార్చి పళ్లచక్రం మరిచిపోయినవారు కొండ ఎక్కేటప్పుడు క్లచ్చును త్వరగా అరగదీసుకుంటారు.

ముందు చక్రం కథ ఇంతకన్నా చిక్కైనది. దాని ఇరుసు దాదాపు 47 మిల్లీమీటర్లు పైకి లేస్తే వెనక ఇరుసు 23 మిల్లీమీటర్లే లేస్తుంది కనుక, బండి ముక్కు పైకెత్తినట్లయి, ఫోర్కు వాలు కోణం ఒక డిగ్రీ పెరుగుతుంది. హ్యాండిల్ తిరిగే అక్షాన్ని పొడిగిస్తే అది నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటు - ఈ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. అది పెరిగితే బండి తారు మీద మలుపుకు బద్ధకించినా, గులకరాళ్ల మీద హ్యాండిల్ కొట్టుకోకుండా నిటారుగా సాగుతుంది. 10 సెంటీమీటర్ల రాయి అడ్డొస్తే చిన్న చక్రం దానిని సుమారు 48 డిగ్రీల కోణంలోనూ, పెద్దది 45 డిగ్రీల లోపూ ఢీకొంటుంది. కాగితం మీద ఇది స్వల్పమే; మణికట్లకు మాత్రం స్వల్పం కాదు. స్పీడు కొలిచే పరికరం ముందు చక్రానికి కట్టి ఉంటే, అది 60 చూపినప్పుడు అసలు వేగం 69 ఉంటుంది.

ఇక నేల సంగతి. 1872లోనే విలియం కింగ్ అనే భూవిజ్ఞాని కడప, కర్నూలు పేర్లతో శిలాశ్రేణులను వర్ణించిన కడప-కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి పొరలు పొరలుగా బయటపడి, పగిలిన అంచులతో దారుల నిండా పరుచుకొని ఉంటుంది. ఎండ్యూరో సవారీలో పట్టు కోసం టైరులో గాలి 12 నుంచి 15 పీఎస్ఐకి తగ్గించడం ప్రపంచమంతా ఉన్న అలవాటే అయినా, నాపరాయి అంచు మీద ఆ గాలితో పోతే టైరు నొక్కుకుపోయి, రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిన ట్యూబు పక్కపక్కనే రెండుచోట్ల చీలుతుంది. కాబట్టి ఇక్కడ గాలి కాస్త ఎక్కువుంచి, మందపాటి ట్యూబు వేయడమే తెలివి. గాలి తగ్గించక తప్పని చోట రిమ్ములాక్ కావాలి. టైరును లోపలినుంచి రిమ్ముకు అదిమి పట్టే ఈ బిగింపు లేకపోతే టైరు జారి, ట్యూబును తనతో తిప్పి, వాల్వు మొదలంటా తెంపుతుంది. వీటన్నింటినీ మించిన శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. పంచరు వేసేవారు టైరు లోపలంతా చేత్తో తడిమి చూసేది అందుకే: విరిగిన మొన టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబు పది నిమిషాలు నిలవదు.

ఇదే ప్రాంతంలోని కుందూ నది లోయ నల్లరేగడి మరో పరీక్ష. వానకు తడిసిన ఆ మట్టి చక్రాన్ని అంటిపెట్టుకున్న మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. ఎండ్యూరో బండికి మడ్‌గార్డు అంత ఎత్తున ఉండడానికి కారణం అందం కాదు. ఎండాకాలంలో గతుకుల మీద మొదటి గేరులో పాకే బండికి ఎదురుగాలి అందదు కాబట్టి రేడియేటరు ఫ్యాను పనిచేస్తుందో లేదో ముందే చూడాలి. దుమ్మును ఆపే స్పాంజి గాలి ఫిల్టరును కడిగి ఆరబెట్టి, నూనె పట్టించి పిండి బిగించాలి. పొడి ఫిల్టరు సన్నని దుమ్మును ఆపలేదు, ఆ దుమ్ము పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

డీఆర్-జెడ్400 జంట భారతదేశంలో అరుదు కాబట్టి, ఇక్కడి పాఠకునికి దగ్గరి ఉదాహరణ 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200, దాని తోబుట్టువు 200టీ. మొదటిదానికి 21, 18 అంగుళాల చువ్వల చక్రాలు, ముందు ఫోర్కుకు 190 మిల్లీమీటర్ల కదలిక. రెండవదానికి 17 అంగుళాల పోతపోసిన చక్రాలు, 130 మిల్లీమీటర్ల కదలిక. చక్రాలు డబ్బుతో మారతాయి గానీ, ఈ 60 మిల్లీమీటర్ల తేడా ఫోర్కు మొత్తం మారిస్తే తప్ప పూడదు. ఎస్ఎమ్ లాంటి నిజమైన సూపర్‌మోటోకు పొడవాటి సస్పెన్షన్ పుట్టుకతోనే ఉంటుంది కనుక చక్రాలు, పళ్లచక్రం, టైర్లతోనే పని గడుస్తుంది. రోడ్డుకోసమే పొట్టిగా కట్టిన బండి మీద డబ్బు పోయడం కన్నా దాని మట్టి తోబుట్టువునే కొనుక్కోవడం మేలు.

మార్పుకు పూనుకునే ముందు, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదన్న 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోవడం అవసరం. మారిన బండి ఎక్కడికైనా పోగలదు గానీ ఎక్కడికైనా పోవలసిన పని లేదు: నల్లమల పులుల అభయారణ్యం, కడప జిల్లాలోని లంకమల, గడ్డిలో నేలమీదే గుడ్లు పెట్టే బట్టమేక పిట్ట కోసం కేటాయించిన రోళ్లపాడు - ఈ మూడింటిలోకి చక్రం పెట్టకూడదని సవారీదారులకు విన్నపం.